సర్వజన రక్షణము: క్రైస్తవ వేదమునందలి యొక ప్రశ్న

మానవులెల్లరును తుదకు భగవత్సన్నిధిని చేరుదురా, లేక వారిలో కొందఱు ఎన్నటికిని విడుదల లేని బాధయందు నిలిచిపోవుదురా? ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే సంబంధించినదని తలచుట సరికాదు. ఈశ్వరుడొక్కడే యనియు, ఆయన న్యాయస్వరూపుడును దయాస్వరూపుడును ననియు నమ్మువారికెల్ల నిది తప్పని విచారము. ఆ న్యాయమును ఆ దయయు పరస్పరము విరోధించునా? విరోధించునెడల తుది దినమున దేనిది పైచేయి? విరోధింపవేని, దండనమును క్షమయు నొక్క సంకల్పమునందే యెట్లిముడును? ఈ సంశయములను తీర్చుకొనుటకై క్రైస్తవ గ్రంథమును ముందిడుకొని పరీక్షింతము. పరమత గ్రంథమును విమర్శించువాడు మొదట దానిని నమ్మినవారు చదువునట్లు చదివి, తన యభిప్రాయమునకు అనుకూలములైన వాక్యములను ప్రతికూలములైన వాక్యములను సమముగా చూచి, పిమ్మట యుక్తిని ప్రయోగింపవలెను. అట్లు చేయని విమర్శ వాదమగును గాని విచారము కానేరదు.

మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములయందు ఈ ప్రశ్న రెండువందల యేండ్లకు పైబడి సజీవముగా నున్నది. 1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అను నిరువురు బోధకులు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్వ మొదలిడిరి. క్రాన్ 1809లోను, డిగ్రాంజెస్ 1810లోను గతించిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ కులజుడైన క్రైస్తవుని సాహాయ్యముతో వారు సాగించిన సువార్తల యనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. క్రొత్త నిబంధనము సంపూర్ణముగా 1818లో మదరాసున వెలువడెను. పర్లాకిమిడి సీమలో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) 1833లో బాప్తిస్మము పొంది, ఈ ప్రాంతములయందు బోధించుచు, నేటికిని తెలుగు క్రైస్తవుల యారాధనలలో వినబడు కీర్తనలు పెక్కు రచించిరి. పిమ్మట కెనడా బాప్తిస్టు మిషనువారు బొబ్బిలి, శ్రీకాకుళము మొదలగు పట్టణములయందు నిలిచి బోధతోపాటు విద్యాదానమును వైద్యమును సాగించిరి. వారి సేవను తక్కువ చేయుట కృతఘ్నత యగును. అయినను, ఆ బోధతో వచ్చిన సిద్ధాంతములలో నొకటి, అనగా యేసునందు విశ్వసింపక మరణించినవారు అనంతకాలము దండింపబడుదురను సిద్ధాంతము, వినువారి మనస్సులను మిక్కిలి కలతపెట్టునది.

ఆ బోధను తొలుత నంగీకరించిన గృహమునందు పుట్టెడి సంకటమును చదువరులు యోచింతురు గాక. కుమారుడు బాప్తిస్మము పొందినాడు, తల్లి పొందలేదు. ఆమె తన పెద్దల మతమునందే యుండి, ఎవ్వరికిని కీడు తలపెట్టక, ఇంటికి వచ్చినవారికి గంజియైనను పోసి, కాలము వెళ్లబుచ్చి కన్నుమూసినది. ఇరుగుపొరుగువారు తమ పితరులకొఱకు శ్రీకూర్మమునకు పోయి తర్పణములు విడుచుచున్నారు. కుమారునకది నిషిద్ధము. పోనిమ్ము, తల్లి యాత్మకై ప్రార్థింతునన్నచో, మృతులకొఱకు ప్రార్థించుట ఆ సంఘముల యాచారము కాదు. పిండమునకును ప్రార్థనకును నడుమ నతడు వట్టిచేతులతో నిలువవలసివచ్చును. 1805కు పూర్వము ఈ సీమలో పుట్టి గిట్టిన తరములన్నిటి గతియు నిట్టిదే. సాలిహుండము కొండపై విహరించిన భిక్షువులు, రామతీర్థమున తపస్సు చేసిన జైనులు, అరసవల్లిలో ఉదయభానునకు మ్రొక్కిన కాపులు, నాగావళీ వంశధారల తీరములందు దుక్కి దున్నిన పాలేర్లు, వీరిలో నొక్కరైనను వినని వార్తను నమ్మలేదని శిక్షింపబడుదురా? ఈ ప్రశ్న తత్త్వశాస్త్రజ్ఞుల వినోదమునకు పుట్టినది కాదు. తల్లిని పోగొట్టుకొన్న బిడ్డ గుండెలో పుట్టినది.

ఇది మన దేశమున మాత్రమే పుట్టినదియు కాదు. 1552లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాను దేశపు క్రొత్త క్రైస్తవులనుగూర్చి వ్రాయుచు, నరకమున పడిన తమ పూర్వులకు విడుదల లేదని విన్నప్పుడు వారు కన్నీరు విడిచిరని తెలిపెను. దక్షిణాఫ్రికాయందలి నాటాలు ప్రాంతపు బిషప్పు జాన్ కొలెన్సో జూలూ జనులకు బోధించుచు, వారి పితరులకు అంతములేని వేదన విధింపబడినదని చెప్పుటకు తన యంతఃకరణ మొప్పక, 1861లో రోమీయుల పత్రికకు వ్రాసిన వ్యాఖ్యానమున ఆ సిద్ధాంతమును నిరాకరించెను. బోధింప వచ్చినవాడు వినువారి ప్రశ్నచే తానే బోధింపబడుట ఇట్టిది.

ఇక నీ బోధ తెలుగున ప్రవేశించినపుడు జరిగిన యొక విశేషమును గమనింపవలెను. అనువాదకులు గెహెన్నా యను పదమునకు నరకమని తెనిగించిరి. గెహెన్నా యనునది యెరూషలేము నగరమునకు వెలుపలనున్న హిన్నోము లోయ; పూర్వము అచ్చట శిశువులను అగ్నికి ఆహుతి చేసిరను అపకీర్తి దానికి కలదు. నరకమన్న మాట మనకు పరిచితమే. కాని పురాణములయందలి నరకమున కొక గడువున్నది. పాపఫలము అనుభవించినంతనే జీవుడు అచ్చటనుండి వెడలి మరల జన్మమెత్తును. కావున తెలుగువాడు ఆ మాట వినగానే, ఎంత ఘోరమైనను ఒకనాటికి తీరెడి శిక్షనే తలపోసియుండును. క్రొత్తగా వచ్చినది నరకము కాదు. నరకమునకు తుది లేదనుట.

అట్లని తుదిలేని నరకము మన దేశమున నెవ్వరును చెప్పలేదనుట సత్యము కాదు. మధ్వాచార్యులవారి మతమున జీవులు ముక్తియోగ్యులు, నిత్యసంసారులు, తమోయోగ్యులు నని మూడు తెగలు. తమోయోగ్యులకు అంధతమస్సునుండి యెన్నటికిని మరలుట లేదు. ఆ యాచార్యుల శిష్యుడగు నరహరితీర్థులు కళింగరాజుల కాలమున ఈ సీమయందే యధికారము నెఱపిరి. శ్రీకూర్మాలయమున వారి శాసనము 1281వ సంవత్సరమునాటిది నేటికిని నిలిచియున్నది. కాబట్టి అనంత దండన సిద్ధాంతమును పాశ్చాత్యుల కాఠిన్యమనియు, సర్వముక్తిని మన ఔదార్యమనియు పంచుకొనుట చరిత్రకు విరుద్ధము. రెండు మతములయందును రెండు స్వరములును వినబడుచున్నవి.

ఇప్పుడు క్రైస్తవ గ్రంథమును తెఱచి చూతము. అనంత దండనమును సమర్థించువారు చూపెడి స్థలములు స్వల్పములు కావు. మత్తయి సువార్త 25వ అధ్యాయమున తుది తీర్పు వర్ణింపబడినది: గొఱ్ఱెలను మేకలనువలె జనులు వేఱుచేయబడుదురు; ఒక వర్గమువారికి నిత్యజీవము, మఱియొక వర్గమువారికి నిత్యశిక్ష. మార్కు 9వ అధ్యాయమున ఆరని యగ్నియు చావని పురుగును చెప్పబడినవి. లూకా 16వ అధ్యాయమున ధనవంతునకును లాజరునకును నడుమ దాటరాని యగాధమున్నది. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక మొదటి యధ్యాయమున నిత్యనాశనమను మాట కలదు. ప్రకటన గ్రంథము 20వ అధ్యాయమున అగ్నిగుండము కలదు. ఇంతేకాక, వీనిలో ముఖ్యములైనవి పౌలు వ్రాతలయందు కాక యేసు నోటనే వినబడుచున్నవి. యేసును దయామూర్తియని కొనియాడుచు, ఆయన హెచ్చరికలను మాత్రము శిష్యుల కల్పనలని త్రోసివేయుట నిజాయితీ కాదు.

కాని ఆ 25వ అధ్యాయమును నిదానించి చదువుదము. అచ్చట తీర్పునకు కొలమాన మేది? నమ్మిక యొక్క సూత్రముకాదు, సంఘసభ్యత్వముకాదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, దప్పిగొన్నవానికి నీరిచ్చుట, పరదేశిని చేర్చుకొనుట, రోగిని చెఱలోనున్నవానిని దర్శించుట, ఇవియే. నీతిమంతులకు తామెవరికి సేవచేసిరో తెలియనే తెలియదు. తెలిసి చేయలేదని తామే యాశ్చర్యపడుదురు. ఇంటికి వచ్చినవారికి గంజిపోసిన ఆ తల్లి యీ కొలమానముచేత ఏ వైపున నిలుచునో చదువరులే నిర్ణయింతురు గాక. అనంత దండనమునకు ప్రధానాధారమైన యధ్యాయమే అవిశ్వాసమను కారణమును చెప్పకపోవుట గమనింపదగినది.

రెండవ పక్షమునకు ఆధారములు విశేషముగా పౌలు పత్రికలయందున్నవి. రోమీయుల పత్రిక 5వ అధ్యాయమున ఒకని యపరాధముచేత మనుష్యులందఱికి శిక్ష కలిగినట్లే, ఒకని నీతికార్యముచేత మనుష్యులందఱికిని జీవప్రదమైన తీర్పు కలుగునని యతడు వాదించెను. కొరింథీయుల మొదటి పత్రిక 15వ అధ్యాయమున ఆదామునందు అందఱు మరణించుటకును క్రీస్తునందు అందఱు బ్రదికింపబడుటకును సామ్యము చెప్పి, తుదకు దేవుడు సర్వమునందు సర్వమగునని ముగించెను. రోమీయుల పత్రిక 11వ అధ్యాయమున దేవుడు అందఱిని అవిధేయతయందు మూసివేయుట అందఱియందును కరుణ చూపుటకే యని చెప్పెను. కొలొస్సయుల పత్రిక భూమ్యాకాశములందలి సమస్తమును సమాధానపఱచుటను, తిమోతి మొదటి పత్రిక మనుష్యులెల్లరు రక్షింపబడవలెనను దైవసంకల్పమును చెప్పుచున్నవి. అపొస్తలుల కార్యముల 3వ అధ్యాయమున సమస్తమును కుదురుబాటునకు వచ్చెడి కాలమొకటి సూచింపబడినది. ఆ కుదురుబాటునకు గ్రీకున అపోకతాస్తాసిస్ అని పేరు. సర్వజన రక్షణవాదమునకు ఈ పదమే పిమ్మట బిరుదైనది.

ఈ రెండు పంక్తులను సమన్వయించుటకు క్రైస్తవ పండితులు మూడు మార్గములు త్రొక్కిరి. మొదటివారు, అందఱు అనగా అన్ని జాతులవారును అన్ని వర్గములవారును గాని ప్రతి యొక్కడును కాడని సంకోచార్థము చెప్పుదురు. రెండవవారు, దుష్టులు నిరంతరము బాధింపబడక నశించిపోవుదురు, శేషించిన వారెల్లరు రక్షితులే కావున సర్వము దేవునిదే యగునందురు. మూడవవారు, దండనము సత్యమే, ఘోరమే, కాని అది శోధించి శుద్ధిచేయునది, దాని తుదియందు రక్షణ కలదందురు. మొదటి మార్గమునకు ఒక చిక్కు కలదు: ఆదామునందు అందఱు అన్నపుడు ప్రతి యొక్కని గ్రహించి, క్రీస్తునందు అందఱు అన్నపుడు కొందఱిని గ్రహించుట ఒక్క వాక్యమునందే రెండు తూనికరాళ్లు వాడుట వంటిది. రెండవ మార్గమున బాధ ముగియును గాని ప్రేమయు ఓడును. పోయిన గొఱ్ఱెకై వెదకిన కాపరి అది చచ్చినదని తృప్తిపడి యింటికి మరలినట్లగును. మూడవ మార్గమునకు చిక్కు మత్తయి 25వ అధ్యాయమునందలి నిత్యయను పదమే.

కాబట్టి ఆ పదమును పరీక్షింపవలెను. గ్రీకుమూలమున నది ఐయోనియోస్. యుగమను నర్థముగల ఐయోన్ అను పదమునుండి పుట్టినది. అగస్టీనుడు చేసిన యాక్షేపము బలమైనది: ఒక్క వాక్యమున జీవమునకును శిక్షకును ఒకే విశేషణము వాడబడియుండగా, జీవము అనంతమనియు శిక్ష సాంతమనియు చెప్పుట యెట్లు? దీనికి ఎదురుపక్షమువారి సమాధానమును లేఖనమునుండియే వచ్చుచున్నది. పాత నిబంధనమున హబక్కూకు 3వ అధ్యాయము 6వ వాక్యమున పర్వతములకును దేవుని మార్గములకును ఒకే విశేషణము వాడబడినది. ఆ పర్వతములు అచ్చటనే కూలిపోవుచున్నవి, దేవుని మార్గములు నిలుచుచున్నవి. విశేషణమొక్కటియైనను విశేష్యమునుబట్టి దాని పరిమితి మాఱుననుటకు ఇది నిదర్శనము. మన భాషయందును నిత్యశబ్దమిట్టిదే. నిత్యకర్మ యనినపుడు ప్రతిదినము చేయునది, నిత్యవస్తు వనినపుడు నాశములేనిది. శిక్షకు వాడబడిన కొలాసిస్ అను పదమునుగూర్చియు వివాదము కలదు. శిక్షింపబడువాని మేలుకై చేయునది కొలాసిస్ అనియు, శిక్షించువాని తృప్తికై చేయునది తిమోరియా యనియు అరిస్టాటిలు తన యలంకారశాస్త్రమున విభజించెను. కాని సువార్తల కాలమునకు ఆ భేదము అంతటను పాటింపబడలేదు. కావున నిఘంటువుచేత మాత్రమే యే పక్షమును గెలువజాలదు. అనంత దండనమును ఈ పదమొక్కటి స్థాపింపజాలదు. సర్వరక్షణమును ఈ పదమొక్కటి నిరూపింపజాలదు.

సంఘచరిత్రయందును ఏకాభిప్రాయము లేదు. మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా పండితుడగు ఆరిజెను దండనము వైద్యుని చికిత్స వంటిదని బోధించెను. నాలుగవ శతాబ్దమున నిస్సా బిషప్పగు గ్రెగొరీ, చెడుగునకు స్వతస్సిద్ధమైన సత్త లేదు గనుక అది ఎన్నటికిని నిలువజాలదని వాదించెను. ఆయనను సంఘము నేటికిని పరిశుద్ధునిగా గౌరవించుచున్నది. అనంత దండనమును దృఢముగా స్థాపించిన అగస్టీనుడే, తన కాలమున దానిని నమ్మలేక జాలిపడు క్రైస్తవులు చాలమంది కలరని యొప్పుకొనెను. 543లో జస్టీనియను చక్రవర్తి ఆరిజెను మతమును ఖండించుచు శాసించెను; ఆపైన సర్వరక్షణవాదము పశ్చిమ సంఘమున వెనుకబడెను. 1853లో లండనునందలి కింగ్స్ కళాశాలయందు ఆచార్యుడగు ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్ నిత్యశబ్దమునకు అంతులేని కాలమని యర్థము కాదని వ్రాసినందున పదవినుండి తొలగింపబడెను. అమెరికాయందు సర్వరక్షణవాదులు ప్రత్యేక సంఘముగా నేర్పడిరి. ఆ సంఘము 1961లో ఏకేశ్వరవాద క్రైస్తవ సంఘముతో నైక్యమయ్యెను.

రోమను సంఘమువారు 1964లో రెండవ వాటికను సభ ప్రకటనయందు, తమ దోషము లేకయే సువార్తను ఎఱుగక, మనస్సాక్షి ననుసరించి దేవుని వెదకువారికి రక్షణ సాధ్యమని యొప్పుకొనిరి. బాప్తిస్మము లేక మరణించిన శిశువుల రక్షణకై ఆశింపవచ్చునని వారి పండిత మండలి 2007లో ప్రకటించెను. 2019లో డేవిడ్ బెంట్లీ హార్ట్ అను ప్రాచ్యసంఘ పండితుడు ఎల్లరును రక్షింపబడుదురని యొక గ్రంథమే వ్రాసెను. దానిపై వాదోపవాదములు బహుళముగా సాగినవి. పదవులు పోగొట్టిన యభిప్రాయము నూఱేండ్లలో సభలయందు చర్చనీయమైనదనుట దీనివలన తేలుచున్నది.

రక్షణకు హేతువేమి యను విషయమున మన దేశమునను ఒక ప్రసిద్ధ వివాదము జరిగినది. 1820లో రాజా రామమోహన రాయలవారు సువార్తలనుండి యేసు నీతిబోధలను మాత్రము సంగ్రహించి ప్రకటించి, శాంతిసుఖములకు ఆ బోధలే చాలునని చెప్పిరి. శ్రీరామపురపు జాషువా మార్ష్‌మన్, పాపపరిహారార్థమైన బలియందు నమ్మిక లేనిదే బోధలు నిష్ఫలములని యాక్షేపించెను. రాయలవారు మూడు విజ్ఞప్తులు ప్రకటించి ఉత్తరమిచ్చిరి. నిత్యజీవమునకు మార్గమేమని ధర్మశాస్త్రజ్ఞుడడిగినపుడు, దేవుని పొరుగువానిని ప్రేమింపుమని యేసు లూకా 10వ అధ్యాయమున సరియని యొప్పుకొన్న యుత్తరమే వారి వాదమునకు ప్రాణము. ఆ యుత్తరము సత్యమైనయెడల రక్షణద్వారము ఏ యొక్క భాషయందును ఏ యొక్క శతాబ్దమునందును మూయబడియుండజాలదు.

ఇక యుక్తివిచారము. పరిమితుడైన మానవుడు పరిమితకాలమున చేసిన పాపమునకు అపరిమిత దండనము న్యాయమా? అనంతుడైన దేవునియెడ చేసిన యపరాధము అనంతమని కొందఱు సమాధానము చెప్పుదురు. కాని అపరాధమును కొలుచునపుడు ఎవనియెడ చేసెననుటతోపాటు ఎంత తెలిసి చేసెననుటయు చూడవలెను గదా. లూకా 12వ అధ్యాయమున యేసు ఇదే చెప్పెను: యజమానుని చిత్తమెఱిగియు చేయని దాసునికి పెక్కు దెబ్బలు, ఎఱుగక తప్పినవానికి కొద్ది దెబ్బలు. కొద్ది యను మాటకు అర్థమున్నచో అవి యెచ్చటనో ముగియవలెను. అంతులేని దెబ్బలలో కొద్దియేమి, పెక్కేమి?

ప్రేమ విచారము దీనికంటె లోతైనది. బిడ్డ నిరంతరాగ్నియందుండగా తల్లి స్వర్గమున సుఖించునా? ఆమె బిడ్డను మఱచినందున సుఖించుననినయెడల, ఆమెలోని యుత్తమాంశమును చంపి యామెను రక్షించినట్లగును. మఱవలేదనినయెడల స్వర్గము స్వర్గము కాదు. మహాభారతమున స్వర్గారోహణపర్వమునందు ధర్మరాజు తన వారెచ్చట నున్నారో అచ్చటనే తనకు స్వర్గమని నరకమున నిలువ నిశ్చయించెను. పౌలును తన స్వజనుల రక్షణకై తాను శాపగ్రస్తుడగుటకైనను ఒప్పుకొందునని రోమీయుల పత్రిక 9వ అధ్యాయమున వ్రాసెను. మోషేయు తన ప్రజలను క్షమింపనిచో తన పేరును తుడిచివేయుమని దేవుని ప్రార్థించెను. భక్తుల ప్రేమ యింతగా నుండగా, ఆ ప్రేమను వారియందు పుట్టించిన భగవంతుని ప్రేమ అంతకు తక్కువదని చెప్పుట యెట్లు పొసగును?

దీనికి రెండు ఘనమైన యాక్షేపములున్నవి. మొదటిది స్వాతంత్ర్యమునుగూర్చినది. దేవుడు ఎవ్వరిని బలవంతముగా రక్షింపడు. మానవుడు ఎన్నటికిని నిరాకరించుచునే యుండవచ్చును గదా? ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. తప్పిపోయిన కుమారుని కథయందు తండ్రి దూరదేశమునకు సేవకులను పంపి కుమారుని కట్టి తెప్పింపలేదు, ఎదురుచూచెను. ఆ కథ చివరను పెద్దకుమారుడు వాకిటనే నిలిచియున్నాడు. లోనికి వచ్చెనో లేదో లూకా చెప్పలేదు. అయినను తప్పిపోయిన గొఱ్ఱె కథయందు కాపరి అది దొరకువఱకు వెదకునని యున్నది. దొరకువఱకు అను నా మాటకు గడువు లేదు. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయమున పరమపట్టణపు గుమ్మములు ఎన్నడును మూయబడవని యున్నది. మానవుడు నిరాకరింపగలడు; దేవుడు పిలుచుట మానడు. అజ్ఞానమును భయమును తొలగిపోయిన పిమ్మట ఏ యాత్మయైనను తన మేలునే శాశ్వతముగా నిరాకరించుననుట నమ్మశక్యముగా తోచదు. అయినను ఇది ఆశ. గణితశాస్త్రమునందలి సిద్ధాంతము వంటిది కాదు. ఆశను నిశ్చయమని ప్రకటించుట పెద్దకుమారుని నిర్ణయమును అతని బదులు మనమే చేయుట యగును.

రెండవ యాక్షేపము నీతినిగూర్చినది. ఎల్లరును రక్షింపబడుదురనినచో పాపభీతి యెవ్వరికుండును? ఈ శంక రక్షణమనగా శిక్ష తప్పించుకొనుటయే యను భ్రమనుండి పుట్టినది. రక్షణమనగా పాపమునుండి విడుదల. పగ హృదయమున నుండగా పగవానికి స్వర్గము లేదు. అబద్ధము నాలుకపై నుండగా అబద్ధీకునకు సత్యసన్నిధి లేదు. మత్తయి 5వ అధ్యాయమున కడపటి కాసు చెల్లించువఱకు చెఱనుండి వెలికి రారాదని యేసు హెచ్చరించెను. చెల్లించువఱకు అను మాటయందు ఆశయున్నది. కడపటి కాసు అను మాటయందు భయమున్నది. సర్వరక్షణవాదము ఋణమును మాఫీచేయు చట్టము వంటిది కాదు. ఒక్క కాసును విడువక ప్రతి ఆత్మయు శుద్ధి పొందితీరవలెననుట దాని సారము. నరకభీతిచేత దొంగతనము మానినవాడు దొంగతనమును మానెను గాని దొంగబుద్ధిని మానలేదు.

ఇచ్చట విద్యావంతులును భూవసతిగలవారును నగు చదువరులకు ఒక మాట విన్నవింపవలసియున్నది. నరకము లేదనుట సుఖజీవులకు ప్రియమైన మాట. అందుచేతనే దానిని మనము శంకించి పరీక్షింపవలెను. లూకా 16వ అధ్యాయమునందలి ధనవంతుడు లాజరును కొట్టలేదు, దోచలేదు. తన వాకిట పడియున్నవానిని చూచియు చూడక భుజించెను, అంతే. 1866లో గంజాము సీమను పీడించిన కరవునందు ఎన్ని వాకిళ్లయందు లాజరులు పడియుండిరో! ఆ యగాధమును త్రవ్వినది దేవుడు కాడు. ప్రతిదినము భోజనవేళ ఆ ధనవంతుడే త్రవ్వుకొనెను. అనంత దండనమను సిద్ధాంతమును నిరాకరింపుడు. కాని ఆ హెచ్చరికలోని ముల్లును పెఱికివేయకుడు.

మఱియు, ఈ సీమయందు సువార్తను ముందుగా చేకొన్నవారిలో పెక్కుమంది మాలమాదిగలు. ఊరి నూతికి రానీయక, గుడివాకిలి చేరనీయక, బడిలో వేఱుగా కూర్చుండబెట్టి, మనమే వారిని వెలుపలి చీకటిలో నుంచితిమి. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినను మనస్సులలోని గోడలు అన్నియు కూలలేదు. దేవుడు కొందఱిని శాశ్వతముగా వెలివేయునా యని చర్చించు మనము, తరతరములుగా కొందఱిని వెలివేసియుంచిన వారమని జ్ఞప్తియందుంచుకొనవలెను. వెలి యను నాచారమును భూమిపై సహించువానికి పరలోకమున వెలి లేదని వాదించు నధికారమెక్కడిది?

ఇంతవఱకు విచారించినదానిని సంగ్రహింతము. క్రైస్తవ గ్రంథమున దండనము సత్యము, దానిని దాచరాదు. దాని కాలపరిమితిని నిత్యశబ్దమొక్కటి నిర్ణయింపజాలదు. తీర్పునకు కొలమానము ప్రేమకార్యమే యని యేసు స్వయముగా చెప్పెను. మనస్సాక్షియందు వ్రాయబడిన ధర్మము అన్యజనులకును కలదని పౌలు రోమీయుల పత్రిక 2వ అధ్యాయమున ఒప్పుకొనెను. మృతులకును సువార్త ప్రకటింపబడినదని పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయమున నున్నది. కావున మరణము దేవుని దయకు ఎల్లగట్టు కాదని నమ్ముటకు ఆ గ్రంథమే ఆధారమిచ్చుచున్నది. తల్లిని పోగొట్టుకొన్న కుమారుడు ఆమెను దేవుని చేతికప్పగించి, ఆశతో ప్రార్థింపవచ్చును. అట్లు ప్రార్థించుటచేత అతడు తన వేదమును త్రోసిపుచ్చినవాడు కాడు. దానిలోని విశాలమైన వాక్యములను నమ్మినవాడగును.

ఆర్యులారా! ఎల్లరు తుదకు ఒక్క తండ్రి యింట ఒక్క పంక్తిని కూర్చుందురని ఆశించుట మనోహరమైన విశ్వాసము. అయితే అది మనయొద్దనుండి వెల కోరును. రేపు ఎవని ప్రక్కన కూర్చుండవలసియున్నదో వానిని నేడు ఏ పంక్తినుండి లేవదీయుదుము? ఎవనితో కలిసి నిత్యజీవము ననుభవింపవలెనో వానితో ఈ యూరి నూతినీరు కలిసి త్రాగుటకు జంకుటెట్లు? ఎవనిని దేవుడు దొరకువఱకు వెదకునో వానిని మనమెట్లు విడిచిపెట్టుదుము? సర్వజన రక్షణము నమ్మువాడు దానిని మొదట తన యింటి వాకిటను, తన పొలము గట్టునను, తన గ్రామపు బడిలోను ప్రారంభించుగాక.